రంగు కన్నా ముందు తుప్పు చూడండి

పెర్త్‌లో మా ఇంటి వెనక పాత సుబారు బ్రంబీ పికప్ ఒకటుంది. ఇక్కడ 1994 దాకా అమ్మిన బండి, 1.8 లీటర్ల ఇంజను. దాని ఎత్తు పెంచుదామని లిఫ్ట్ కిట్ కూడా కొనేశాను.

ఒక ఆదివారం మ్యాట్ తీసి స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూశా. పుట్టీ పెచ్చు ఊడి, కింద సిమెంటు నేల కనిపించింది. ఆ పక్క సీట్లో కూర్చునేది మా పాప.

ఈ బండికి విడిగా చాసిస్ ఉండదు, బాడీయే దాని బలం. చువ్వలు తుప్పుపట్టిన పిల్లరు మీద ఇంకో అంతస్తు లేపుతామా? కిట్ అమ్మేసి రేకు కొన్నాను. పెట్రోలు ట్యాంకు దించి, బ్యాటరీ వైరు తీశాకే వెల్డింగ్ పట్టాను. గట్టి ఇనుము తగిలేదాకా కోసి, కొత్త రేకు అతికాను. నాలుగు నెలలు పట్టింది.

మీరూ పాత బండి కొనేముందు కింద పడుకుని చూడండి. ఉంటాను మరి.