నిక్సీ గొట్టము: అంకెలను వెలిగించు విధము

1955లో అమెరికాయందలి బరోస్ సంస్థ ప్రకటించిన నిక్సీ గొట్టములో, నియాన్ వాయువు నడుమ, అంకెల యాకృతిగల పది ఋణధ్రువములు ఒకదాని వెనుక నొకటి యుండును. ప్రవాహము దేనిగుండ నడచునో యా యంకె నారింజవన్నెతో వెలుగును.

సామాన్యముగా వెలుగు పుట్టుటకు సుమారు 170 వోల్టులు వలయును. పుట్టిన పిమ్మట దాదాపు 140 చాలును. తక్కిన భారమును ధనధ్రువముచెంత నిరోధకము మోయవలెను. మూలము 180 వోల్టులు, ప్రవాహము 2 మిల్లీ ఆంపియర్లు అనుకొందము. మిగులు 40 వోల్టులను ఆ ప్రవాహముచే భాగింపగా 20 కిలో ఓములు వచ్చును. నిరోధము మిక్కిలి తగ్గినచో ఋణధ్రువము త్వరగా క్షయించును. మిక్కిలి హెచ్చినచో అంకె కొంతమేరయే వెలుగును. నాలుగు తీగల సంకేతమును విప్పి, పదింటిలో నొక యంకెను ఎన్నుటకు 74141 అను చిప్పు గలదు.

విద్యుత్తు నాపినను కెపాసిటరునందు ప్రాణాపాయకరమగు ఆవేశము నిలిచియుండవచ్చును. దానిని తగిన నిరోధకముద్వారా హరించి, వోల్టుమీటరుతో సరిచూడక చేయి పెట్టరాదు. విద్యకంటె ముందు వివేకము వలయును.