కోడి యే తెగులున చచ్చినది?



పెరటికోడి సాయంకాలమున మెడ వాల్చి, పచ్చని రెట్ట వేసి, తెల్లవారుసరికి చచ్చి పడియుండును. ఇంటివారు కొక్కెర తెగులని యెంచుదురు. పెక్కుమారు లది నిజమే. కాని పక్షి ఇన్‌ఫ్లూయెంజా సోకిన కోడియు నిట్లే చావవచ్చును. కొక్కెర తెగులు మనుష్యులకు సాధారణముగా కన్నులెఱ్ఱబారుటకంటె హాని చేయదు. రెండవది అరుదుగా సోకినను ప్రాణముల మీదికి తెచ్చును. కంటితో ఈ రెంటిని వేరుపరచుట పశువైద్యునకును కష్టము. అందులకు ప్రయోగశాలలో ప్రతిరక్షకమును వాడుదురు.

రోగము సోకినపుడు దాని క్రిమిని పట్టుకొనుటకై నెత్తురున పుట్టు పదార్థమే ప్రతిరక్షకము. తాళమునకు తగిన చెవివలె అది యొక్కదానికే యమరును. ఇన్‌ఫ్లూయెంజా వైరస్ పైపొరమీద హీమగ్లూటినిన్ అను మాంసకృత్తు ముండ్లవలె నిలిచియుండును. పక్షులలో దీని రూపములు పెక్కు కలవు. కోళ్లను మూకుమ్మడిగా చంపునవి 5వ, 7వ రూపములు.

1941లో అమెరికాలో జార్జి హర్స్టు అను శాస్త్రజ్ఞుడు వైరస్ ఎక్కించిన కోడిగ్రుడ్లను విప్పుచు, నెత్తురుకణములు ముద్దకట్టుట చూచెను. ఆ ముండ్లే కణములను పెనవైచినవి. పరీక్ష దీనినుండియే పుట్టినది. చిన్న గుంటలుగల పలకలో కోడి నెత్తురుకణములను పోసిన, అవి అడుగున చుక్కవలె దిగును. వైరస్ కలిపిన, వలవలె పరచుకొనును. చిక్కేమనగా, కొక్కెర తెగులు వైరస్ కూడ నిట్లే వల యల్లును! కావున 5వ రూపమునకు తగిన ప్రతిరక్షకమును ముందుగా వైరస్‌తో కలుపుదురు. అది ముండ్లను కప్పివేయగా కణములు మరల చుక్కగా దిగినచో, దొంగ దొరికినట్లే. లేనిచో వేరొక ప్రతిరక్షకముతో చూతురు.

పూర్వము జంతువుల నెత్తురునుండి తీసిన ప్రతిరక్షకములు కలగూరగంపగా నుండెడివి. 1975లో కేంబ్రిడ్జియందు కోలరు, మిల్‌స్టైను అనువారు చిట్టెలుక ప్లీహకణమును ఎడతెగక పెరుగు కాన్సరు కణముతో నేకముచేసి, ఒకే విధమగు ప్రతిరక్షకమును కోరినంత తీయు మార్గము కనిపెట్టిరి. 1984లో వారికి నోబెలు బహుమానము లభించెను. కాగితపు పట్టీమీద గీత పడి కొద్ది నిమిషములలో ఫలితము తెలుపు పరీక్షలకును ప్రతిరక్షకమే యాధారము. అయితే గీత పడలేదని నిశ్చింతగా నుండరాదు. వైరస్ కొద్దిగా నున్నచో పట్టీ గుర్తింపజాలదు. పైగా ముండ్లు రూపు మార్చుకొనుచుండుటచే పాత ప్రతిరక్షకము మొక్కవోవును. అందుచే జన్యుపదార్థ పరీక్షయు చేయుదురు. మన దేశమున తుది తీర్పు భోపాలునందలి జాతీయ ప్రయోగశాలది.

మహారాష్ట్ర సరిహద్దు బిచ్కుందకు దూరము కాదు. ఆ రాష్ట్రపు ఉత్తరపుకొననున్న నవాపూరులోనే 2006లో ఈ రోగము మన దేశమున తొలిసారి బయల్పడెను. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలోని వేల్పూరు, కానూరు అగ్రహారముల కోళ్లయందు 5వ రూపమున్నట్లు భోపాలు ప్రయోగశాల నిర్ధారించెను. అట్లు తేలినపుడు ఒక కిలోమీటరు పరిధిలోని కోళ్లనన్నిటిని చంపుదురు. 10 కిలోమీటర్ల వరకు నిఘా పెట్టుదురు. కొక్కెర తెగులని తేలినచో ఇంత సంహార మక్కరలేదు. దానికి టీకా కలదు.

రైతులు వార్తను దాచుటకు ఈ సంహారభయమే కారణము. ఆ భయమును నేను తప్పుపట్టను. కాని ప్రభుత్వము చంపించిన కోళ్లకు పరిహారము కలదు, తమంతట చచ్చినవానికి లేదు. దాచినకొలది రైతునకే నష్టము. నాలుగైదు కోళ్లు ఒక్కసారిగా చచ్చినచో వట్టిచేతులతో ముట్టక, మంజీరలోనో చెరువులోనో పారవేయక, ఆనాడే పశువైద్యశాలకు కబురంపుడు. నమూనాను వారే తీసికొందురు. ఎండలో పడియున్నకొలది వైరస్ నశించును. అపుడు ఎంత మంచి ప్రతిరక్షకమునకును పట్టుకొనుట కేమియు నుండదు.