గింజలు, గళ్లు, ప్రధాన సంఖ్యలు



వరంగల్లు ఎనుమాముల మార్కెట్టులో ధాన్యపు రాశులను చూచినవారు మనలో పెక్కుమంది కలరు. ఆ రాశులను కాసేపు మరచి, ఒక చదరంగపు పలకను తలచుకొనుడు. మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు అరువదినాలుగు గళ్లు నింపినచో మొత్తము 18446744073709551615 గింజలగును. ఈ సంఖ్యను మనవారు పద్యముగా కంఠస్థము చేసిరి. గణితమును తెనిగించిన పావులూరి మల్లన రచనయని ఆ పద్యమునకు ప్రసిద్ధి. బాణములనగా అయిదు, చంద్రుడనగా ఒకటి; ఈ విధముగా ఒకట్ల స్థానము మొదలు ఇరువది అంకెలును అందిమిడియున్నవి.

ఇంత పెద్ద సంఖ్యయైనను దీనిని విడగొట్టుట సులభము. మొదటి వరుసలోని ఎనిమిది గళ్లలో 255 గింజలుండును. రెండవ వరుసలో సరిగా దానికి 256 రెట్లు; మూడవదానిలో మరల 256 రెట్లు. కావున 255 గింజలు పట్టు బుల్లి గిద్ద యొకటి చేసికొని పలకమీది ధాన్యమంతయు కొలిచినను చివర ఒక్క గింజ మిగులదు. గళ్లు సమానమైన వరుసలుగా విడిపోవు చోటనెల్ల ఇదే గతి.

61 గళ్లను అట్లు వరుసలు తీర్చలేము. 61వ గడివరకు గల గింజలు 2305843009213693951. ఒక్క గింజ పట్టునదియో, రాశియంతయు పట్టునదియో తప్ప, ఏ పాత్రతో కొలిచినను మిగులు తప్పదు. ఇట్టిదే ప్రధాన సంఖ్య.

గళ్ల సంఖ్య ప్రధానమైనంత మాత్రమున గింజల మొత్తము ప్రధానము కానక్కరలేదు. 11 గళ్లకు 2047 గింజలు. అది 23, 89ల లబ్ధము. ఇచటనే పెద్దలు సైతము పొరపడిరి. ఫ్రాన్సు దేశపు సన్న్యాసి మెర్సెన్ 1644లో ప్రకటించిన పట్టికలో 67 చేరినది, 61 జారిపోయినది. రెండును తప్పులే! 61 గళ్ల మొత్తము ప్రధానమని 1883లో నిరూపించినవాడు పెర్వూషిన్ అను రష్యా గ్రామ పురోహితుడు. 67 గళ్ల మొత్తము 193707721, 761838257287ల లబ్ధమని 1903లో అమెరికాలో కోల్ చూపెను.

భాగించి చూడకయే పరీక్షించు ఉపాయము లూకా, లేమరు అనువారిది. పెన్సిలున్నవారు 7 గళ్లకు, అనగా 127కు, చేసి చూడవచ్చును. 4తో మొదలిడి, వర్గము చేసి, 2 తీసివేసి, 127చే భాగించి శేషమును గ్రహింపవలెను. ఆ శేషముతో మరల అట్లే. 14, 67, 42, 111, అయిదవమారు సున్న. గళ్లకంటె రెండు తక్కువ మారులకు సున్న వచ్చెనా, అది ప్రధానము. 11 గళ్లకు ఇట్లు తొమ్మిది మారులు చేసినను సున్న రాదు.

2024 అక్టోబరులో లూక్ డ్యూరంట్ అను అమెరికా దేశీయుడు కనుగొన్న సంఖ్య 13,62,79,841 గళ్ల పలకమీది మొత్తము. అప్పటివరకు తెలిసిన ప్రధాన సంఖ్యలన్నిటికంటె అదియే పెద్దది. దానికి 4,10,24,320 అంకెలు. సెకనుకొకటి చొప్పున రేయింబవళ్లు రేడియోలో చదివినను 474 దినములు దాటును. మా కార్యక్రమాధికారి అందుకు సమ్మతింపరు. చివరి అంకె మాత్రము ఇప్పుడే చెప్పగలను. రెట్టింపులలో 2, 4, 8, 6 అను చివరి అంకెలు నాలుగేసి మారులకు తిరిగి వచ్చును; 13,62,79,841ని 4చే భాగింప శేషము 1; కావున రెట్టింపుల చివర 2, అందుండి ఒకటి తీసివేయగా, 1.