దండెం మీద ఆరవలసిన గుడ్డ



మాది కదిరి దగ్గర తనకల్లు. ఒకప్పుడు అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. మా చిన్నతనంలో బిందెడు నీళ్ల కోసం ఎంత దూరం నడిచేవాళ్లమో చెబితే మీ పిల్లలు నమ్మరు.

ఆ రోజుల్లో మా అవ్వ పాత నూలు చీరలు పారేయనిచ్చేది కాదు. "పాతదయితేనే మెత్తగా ఉంటాది పాపా, బాగా పీలుస్తాది" అనేది. పురిటి గదిలోకీ, ఆడపిల్లల నెలసరికీ అదే గుడ్డ. నేను చదువుకుని, కళాశాలలో వస్త్ర పరీక్షలు నేర్పే పనిలో చేరాక గానీ అవ్వ మాటలోని శాస్త్రం తెలిసిరాలేదు.

పత్తి పోగు మీద సన్నటి మైనపు పొర ఉంటుంది. అందుకే పచ్చి దూది నీళ్లమీద తేలుతుంది. క్షారంలో ఉడికించి ఆ మైనం తీసేస్తేనే అది ఆస్పత్రి దూది అవుతుంది. అలాంటి దూది నీళ్లలో వేసిన 10 సెకన్లలోపు మునగాలని నియమం. కోరా గుడ్డకు మైనంతోపాటు గంజి కూడా ఉంటుంది. ఉతికి ఉతికి అవి రెండూ వదిలిన చీర ముక్క చటుక్కున మునుగుతుంది. గిన్నెడు నీళ్లు పెట్టుకుని మీరూ చూడండి. పాలియెస్టర్ చీర మాత్రం ఎంత పాతదయినా ఇందుకు పనికిరాదు. అనుమానముంటే ఒక పోగును పట్టకారుతో పట్టుకుని కాల్చండి. నూలయితే కాగితం కాలిన వాసన వచ్చి బూడిదవుతుంది. పాలియెస్టరయితే కరిగి పూసలా గట్టిపడుతుంది.

మరి అంత మంచి గుడ్డ వాడిన మా అక్కకు నెలనెలా ఆ దురద, ఆ పుండ్లు ఎందుకొచ్చాయి? ఉన్న నీళ్లు తాగడానికే చాలవు గనుక రెండు చెంబులతో జాడించేది. మగవాళ్ల కంట పడకూడదని గాదె వెనక చీకట్లో ఆరేసేది. సగం తడితోనే మళ్లీ వాడేది. ఆ తడిలోనే సూక్ష్మజీవులు పెరుగుతాయి. మా ఊళ్లో నీళ్లకు కరువు గానీ ఎండకు కరువా? ఖర్చులేని మందును వాకిట్లో పెట్టుకుని, సిగ్గుకొద్దీ మా అక్క బాధపడింది.

ఈనాడు మనం కొనే ప్యాడ్లలో చాలావాటికి ప్లాస్టిక్ పొర ఉంటుంది, అది మట్టిలో కలవదు. ఉతికి వాడుకునే ప్యాడ్లకు భారత ప్రమాణాల సంస్థ 2021లో విడిగా ప్రమాణమే తెచ్చింది. కాబట్టి గుడ్డ వాడడం మోటుతనమని అనుకోనక్కరలేదు.

వాడేవారు ముందుగా చన్నీళ్లలో నానబెట్టండి, వేడినీళ్లయితే మరక పట్టేస్తుంది. సబ్బుతో ఉతికి, నురుగు పోయేదాకా జాడించండి. గంజి పెట్టవద్దు. నేరుగా ఎండలో ఆరేయండి. ముసురు రోజుల్లో బాగా ఆరాక ఇస్త్రీ చేయండి. ఉతకడానికి నీళ్లు లేనినాడు కొన్న ప్యాడే మేలు. గాయాలకు మాత్రం సీలు వేసిన గాజుగుడ్డే వాడాలి, ఎండ ఒక్కటే అక్కడ చాలదు.

మీ ఇంట్లో ఎదిగిన అమ్మాయి ఉంటే, ఇవాళే అడగండి: "నీ గుడ్డలు ఎక్కడ ఆరేస్తున్నావమ్మా?" అని. దండెం మీద నలుగురి బట్టల పక్కన వాటికీ కాస్త చోటివ్వండి.

సెలవు.