గోకురాయి పక్షి: దాని కుటుంబము, ఉనికి, ఉపయోగము

(కొనకనమిట్ల ప్రాంతపు రైతులకొఱకైన ఉపన్యాస పాఠము)



తోటలో కాకిజాతి పక్షి వ్రాలినంతనే రాయి విసరుట వాడుక. అయితే ఆ కుటుంబములోని పక్షులన్నియు ఒక్క తీరువి కావు. ఊరకాకి, బొంతకాకి అందఱెఱిగినవే. వానికి బంధువగు గోకురాయి యను పక్షియొకటి కలదు. దానికే కొండకాటిగాడని మఱియొక పేరు. దాని తల, ఱొమ్ము మసిరంగు. వీపు, పొట్ట ఇటుకరంగు. తోక మిక్కిలి పొడవై, బూడిదవన్నె గలిగి, కొన నల్లగా నుండును.

1790లో లేథమ్ అను పండితుడు దీనిని పాలపిట్టల ప్రజాతిలో చేర్చెను. 1833లో గూల్డ్ డెండ్రోసిట్టా యను వేఱు ప్రజాతి నేర్పఱచెను. ఆ ప్రజాతి కాకి కుటుంబములోనిదే. ఈ పక్షి పాకిస్తాను మొదలు భారతదేశమున పెక్కుచోట్లను, తూర్పున మయన్మారు, థాయిలాండు, లావోసులందును కలదు, శ్రీలంకలో లేదు. ప్రాంతమునుబట్టి వన్నె మాఱును. తూర్పు కనుమలలోని పక్షికి 1930లో కిన్నియర్, విస్లర్ పండితులు వెర్నయీ యను ఉపజాతి నామమిచ్చిరి. మార్కాపురము, గిద్దలూరులకు చేరువనున్న నల్లమల ఆ కనుమలలోనిదే. శాస్త్రనామమునందలి వాగబుండా యను పదమునకు తిరుగుబోతని యర్థమైనను, ఇది వలసపక్షి కాదు. ఏడాది పొడుగున ఇచటనే యుండును.

ఇక లాభనష్టములు. ఇది పండ్లను తినును. చిన్న పిట్టల గ్రుడ్లను, పిల్లలను అపహరించును. ఇది నిజమే. కాని పురుగులను, బల్లులను కూడ తినును. కొబ్బరి, ఈత మొదలగు చెట్ల మ్రాను తొలిచి చంపు ఎఱ్ఱముక్కు పురుగు పిల్లలను ఏఱి తినుటచే, దక్షిణదేశమున ఆ చెట్ల సాగునకు మేలుచేయు పక్షిగా ఎంచబడినది.

అయినను పక్షి యొక్కటియే తెగులును మాన్పజాలదు. కావున రైతులు ఈ క్రింది విషయములు గమనింపవలెను.

1. మ్రానుకు గాయము చేయరాదు. ఆ గాయములందే పురుగు గ్రుడ్లు పెట్టును.
2. పురుగుపట్టి చచ్చిన చెట్టును చీల్చి కాల్చివేయవలెను.
3. గోకురాయి గూడు చెఱుపరాదు, పక్షిని చంపరాదు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము దీనికి రక్షణ కల్పించుచున్నది.

పండు తిన్న పక్షి కంటబడును. పురుగు తిన్న పక్షి కంటబడదు. రెండును లెక్కించి తీర్పు చెప్పుట రైతునకు లాభకరము.