పెరటిచెట్టు - తుపానుగాలి

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము చెంత తీరము దాటినది. అసంఖ్యాకముగా చెట్లు నేలకూలినవి. ఇన్నేండ్లు నీడనిచ్చిన చెట్టే గోడమీద పడెనే యని వగచినవారు పెక్కురు. గాలి తీవ్రత మన చేతిలో లేదు. కాని పెరటిచెట్టు విషయమున మనము సవరించుకొనదగిన పొరపాట్లు కొన్ని కలవు.

మొదటిది ఎంపికలో. త్వరగా ఎదుగు చెట్టునే మనము కోరుదుము. అట్టివాని కొమ్మలు తరచు పెళుసుగా నుండును, మునగయే సాక్షి. విశాలమైన దొడ్డిలో వేపను, కానుగను గోడకు 20 అడుగుల ఎడముగా నాటవచ్చును. చిన్న పెరటికి జామ, నిమ్మ, కరివేప చాలును.

రెండవది నాటుటలో. సంచిలో చాలకాలము పెరిగిన మొక్క వేళ్లు చుట్టలు చుట్టుకొని యుండును. వానిని విప్పక నాటినచో అవి నలువైపుల పారక చెట్టు మొదలునే బిగించును. పెనుగాలికి అట్టి చెట్టు పట్టు తప్పును. కావున చుట్టలను విప్పి, విప్పరానివానిని కోసి, తొలకరిలో, కాండము పూడకుండ నాటవలెను.

మూడవది పెంపకములో. మొక్క నిలదొక్కుకొనిన పిమ్మటకూడ దినదినము చెంబెడు నీరే పోసినచో వేళ్లు పైపైననే తిరుగును. కొన్ని దినములకొకమారు పాదు నిండ పోసినచో తేమ వెంట లోతునకు దిగును. చెట్టుచుట్టు సిమెంటు పరచరాదు.

నేడు మనము ఓపికతో విప్పిన నాలుగు వేళ్లు, 30 ఏండ్ల పిదప ఒక తుపాను రాత్రి, మన మనుమల యింటికి రక్ష కావచ్చును.