పికప్ ఎంత ఎత్తులో ఉండాలి?

కొత్త ఎలక్ట్రిక్ గిటార్ కొన్నవాళ్లు తీగలు మారుస్తారు, శ్రుతి చేసుకుంటారు. పికప్‌ల జోలికి మాత్రం పోరు. పోవాలంటాను నేను.

అయస్కాంతాల చుట్టూ సన్నని రాగితీగను వేల చుట్లు చుడితే అదే పికప్. పైన ఉక్కు తీగ కంపించగానే అందులో విద్యుత్ సంకేతం పుడుతుంది. పికప్‌ను తీగకు దగ్గర చేస్తే ధ్వని పెరుగుతుంది. కానీ మరీ దగ్గరైతే చిక్కే. 1954లో వచ్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్ లాంటి సింగిల్ కాయిల్ గిటార్లలో అయస్కాంతం తీగనే లాగుతుంది. లావు తీగలపై చివరి ఫ్రెట్ల దగ్గర స్వరం వణుకుతుంది, అపశ్రుతిలా వినిపిస్తుంది. దాన్ని గిటార్ లోపమనుకోకండి.

చిన్న స్క్రూడ్రైవర్, మిల్లీమీటర్ల స్కేలు చాలు. చివరి ఫ్రెట్ దగ్గర తీగను నొక్కిపట్టి, తీగ అడుగు నుంచి పికప్‌లోని అయస్కాంతం పైభాగం దాకా కొలవండి. స్ట్రాటోకాస్టర్‌కు లావు తీగ వైపు సుమారు 2.4, సన్న తీగ వైపు 2 మిల్లీమీటర్లతో మొదలుపెట్టవచ్చు. ఆపైన చెవినే నమ్మండి. పికప్ ఎత్తు మార్చే స్క్రూను పావు చుట్టు తిప్పడం, వాయించడం, వినడం. నెక్ వైపు తీగ ఎక్కువగా ఊగుతుంది కాబట్టి అక్కడి పికప్‌ను కాస్త దించండి, బ్రిడ్జ్ వైపుది కాస్త లేపండి. పికప్‌ను ఎంచుకునే స్విచ్ మార్చినా ధ్వని సమంగా వినిపిస్తే స్క్రూడ్రైవర్ పక్కన పెట్టేయవచ్చు.